క్రిస్ యంగ్ గారూ, కుర్ర పిచర్లను ఇంకొన్నాళ్లు రౌండ్ రాక్‌లోనే ఉంచండి

టెక్సాస్ రేంజర్స్ బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షులు క్రిస్ యంగ్ గారికి,

నమస్కారం.

నేను ఫ్రిస్కోలో ఉంటాను. పుట్టి పెరిగింది గుంటూరులో. ఫిజియోథెరపీ చదువుకుని ఇక్కడికి వచ్చి పద్నాలుగేళ్లయింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది మోచెయ్యో భుజమో దెబ్బతిన్న పిల్లలు. వాళ్లలో ఎక్కువమంది పిచర్లు, అంటే బేస్‌బాల్‌లో బంతి వేసేవాళ్లు. మా అబ్బాయికి పదమూడేళ్లు. వాడూ పిచరే.

ఈ ఉత్తరాన్ని ఇంగ్లీషులో విడిగా మీ ఆఫీసుకు పంపుతున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మీతోపాటు మావాళ్లు కూడా దీన్ని చదవాలి. శనివారం పొద్దున ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వీధుల్లో క్రికెట్ కిట్లతోపాటు బేస్‌బాల్ సంచులు తగిలించుకున్న తెలుగు పిల్లలు కూడా కనిపిస్తారు. వాళ్ల అమ్మానాన్నలు మీ జట్టు వార్తలన్నీ చదువుతారు. ఫలానా కుర్రాడు వంద మైళ్ల వేగంతో వేస్తున్నాడు, ఇంకా కింది లీగులో ఎందుకు కూర్చోబెట్టారు అని వాదించుకుంటారు. ఆ వాదనల్లో వద్దనేదాన్ని చాలాసార్లు నేనొక్కదాన్నే.

నేను అడిగేది చిన్న మాట. ఒక కుర్ర పిచర్ని ఆర్లింగ్టన్‌కి, అంటే మేజర్ లీగుకి పిలిచేముందు, అతను రౌండ్ రాక్, ఫ్రిస్కో లాంటి కింది లీగు జట్లలో ఎన్ని చెడ్డ రోజులు చూశాడో లెక్కపెట్టండి. అయిదు రోజులకోసారి బంతి పట్టుకుని, ఆటలోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఆరోదాని దాకా నిలబడే అలవాటు ఆ చేతికి వచ్చిందో లేదో చూడండి. ఆ రెండూ లేకపోతే, జట్టు ఎంత అవసరంలో ఉన్నా ఆగండి.

ఫ్రిస్కో జట్టు ఆడే రైడర్స్ ఫీల్డ్‌కి మేం ఏడాదికి పది పన్నెండు ఆటలకైనా వెళ్తాం. అక్కడ బుల్‌పెన్, అంటే పిచర్లు చెయ్యి వేడి చేసుకునే చోటు, జనం సీట్ల మధ్యలోనే ఉంటుందని మీకు చెప్పక్కర్లేదు. మూడో వరుసలో కూర్చుంటే పిచర్ ఊపిరి కూడా వినిపిస్తుంది. బంతి క్యాచర్ గ్లవ్వులో పడితే రాతి మీద కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడు. ఒక వేసవి సాయంత్రం ఓ కుర్రాడు ఆటకు ముందు చెయ్యి వేడి చేసుకుంటున్నాడు. నాలుగైదు బంతులకోసారి కుడిచెయ్యి కిందికి వేలాడేసి, వేళ్లు రెండుసార్లు విప్పి ముడిచి, మణికట్టు విదిలించేవాడు. చూసేవాళ్లు చెమట దులుపుకుంటున్నాడనుకుంటారు. నాకది రోజూ కనిపించే కదలిక. ముంజేతి లోపలివైపు కండరాలు బిగుసుకున్నప్పుడు చెయ్యి తనంతట తానే అలా చేస్తుంది. అందులో ఏమీ లేకపోవచ్చు కూడా. ఆట మొదలైంది, బోర్డు మీద 98 అని పడింది, చుట్టూ ఉన్నవాళ్లంతా ఓహో అన్నారు. మావాడు నా భుజం పట్టుకుని "అమ్మా, చూశావా!" అన్నాడు. నేనూ బోర్డే చూశాను. ఇంటికి వెళ్లాక అందరూ చెప్పుకునేది ఆ అంకె గురించే. ఆ వేళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు.

చదివేవాళ్లు ఒక్క నిమిషం చెయ్యి చాపండి. బొటనవేలి కొసా చిటికెనవేలి కొసా కలిపి, మణికట్టు కాస్త లోపలికి వంచండి. మధ్యలో సన్నటి తాడులాంటిది పైకి లేస్తుంది. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు, లేకపోయినా చేతికి లోటేమీ రాదు. 1974 సెప్టెంబరులో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ తాడును తీసి, డాడ్జర్స్ పిచర్ టామీ జాన్ మోచేతి ఎముకల్లో రంధ్రాలు చేసి, తెగిపోయిన లిగమెంటుకు బదులుగా అమర్చారు. అంతకుముందు ఆ దెబ్బ తగిలిన పిచర్ మూటాముల్లె సర్దుకోవాల్సిందే. టామీ జాన్ తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. ఆ ఆపరేషన్‌కి ఆయన పేరే నిలిచిపోయింది. ఇప్పుడది ఎంత మామూలైపోయిందంటే, "మహా అయితే టామీ జాన్ చేయిస్తాం, ఇంకా గట్టిగా వేస్తాడట కదా" అని నా ముందే అన్న తండ్రులున్నారు.

ఆపరేషన్ అయిన పిల్లలు మోచెయ్యి వంచి కట్టించుకుని నా దగ్గరికి వస్తారు. ఆ చెయ్యి పూర్తిగా చాపించడానికే వారాలు పడుతుంది. నాలుగైదు నెలలు గడిచాక బంతి చేతికిస్తాం, నలభై అయిదు అడుగుల దూరంలో నిలబెట్టి మెల్లగా విసరమంటాం. ఆ మొదటి బంతి ముందు వాళ్ల మొహం చూడాలి. బంతిని అరచేతిలో తిప్పుతారు, కుట్ల మీద వేళ్లు సర్దుకుంటారు, మళ్లీ తీసేస్తారు. అంతకుముందు తొంభై మైళ్లు వేసిన పిల్లవాడు చిన్న బిడ్డ విసిరినట్టు విసిరి, ఎక్కడైనా నొప్పి వస్తుందేమోనని కళ్లు మూసుకుంటాడు. మళ్లీ ఆటలోకి రావడానికి ఏడాది, ఏడాదిన్నర. కొందరు రారు.

2024 డిసెంబరులో మీ లీగే పిచర్ల గాయాల మీద ఒక నివేదిక బయటపెట్టింది. రెండు వందల మందికి పైగా డాక్టర్లతో, కోచ్‌లతో, ఆటగాళ్లతో మాట్లాడి రాసింది. మేజర్, మైనర్ లీగులు కలిపి 2010లో 104 టామీ జాన్ ఆపరేషన్లు జరిగితే 2024లో 281 జరిగాయని అందులో ఉంది. ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో 91.3 మైళ్లు, 2024లో 94.2. ప్రతి బంతినీ ఒళ్లంతా కూడదీసుకుని వెయ్యడమే అసలు కారణాల్లో ఒకటని తేల్చింది. నేను నా బల్ల దగ్గర చూసేదీ అదే.

ఒక మాట ఒప్పుకోవాలి. కింది లీగులో ఉంచినంత మాత్రాన చెయ్యి భద్రంగా ఉంటుందని నేననను. ఫిలడెల్ఫియా వాళ్ల ఆండ్రూ పెయింటర్‌కి మేజర్ లీగులో ఒక్క బంతీ వెయ్యకముందే, 2023 స్ప్రింగ్ ట్రైనింగ్‌లోనే మోచెయ్యి దెబ్బతింది. మయామీ వాళ్లు యూరీ పెరేజ్‌ని ఇరవై ఏళ్లకే పైకి తెచ్చినా, చేతి మీద భారం తగ్గించాలని ఆ ఏడాది మధ్యలో కిందికి పంపారు. అయినా 2024 ఏప్రిల్‌లో ఆపరేషన్ తప్పలేదు. గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. నేను భయపడేది భారం ఒక్కసారిగా పెరగడం గురించి. లిగమెంటు, కండరం, ఎముక అన్నీ మెల్లగా పెరిగే బరువుకు అలవాటు పడతాయి, హఠాత్తుగా మీద పడ్డ బరువుకు పడవు. మైనర్ లీగుల్లో సోమవారం సెలవు, స్టార్టర్‌కి, అంటే ఆట మొదలుపెట్టే పిచర్‌కి, సాధారణంగా వారానికొక ఆట. పై లీగులో ఆ వెసులుబాటు ప్రతిసారీ దొరకదు. కింద ఏడో నంబరు, ఎనిమిదో నంబరు బ్యాటర్లకు కాస్త నెమ్మదిగా వేసి ఊపిరి తీసుకోవచ్చు. పైన తొమ్మిదో వాడు కూడా తప్పు బంతిని గోడ దాటిస్తాడు. దాంతో కుర్రాడు ప్రతి బంతినీ ప్రాణం పెట్టి వేస్తాడు. నలభై వేలమంది ముందు, బంతి వెయ్యడానికి గడువు పెట్టే క్లాక్ పక్కనే నడుస్తుండగా.

మావాళ్లకు సిరాజ్ పేరు చెబితే ఇది ఇట్టే అర్థమవుతుంది. హైదరాబాద్ తరఫున రంజీల్లో అడుగుపెట్టింది 2015లో. టెస్టు టోపీ పెట్టుకున్నది 2020 డిసెంబరులో, మెల్‌బోర్న్‌లో. 2025లో ఇంగ్లండ్‌లో అయిదు టెస్టులకు అయిదూ ఆడి, 185 ఓవర్లు దాటి వేసి, చివరిరోజు పొద్దున ఓవల్‌లో మ్యాచ్ గెలిపించాడు. ఆ చివరి పొద్దుటి సత్తువ ఏళ్ల తరబడి వేసిన ఓవర్లలోంచి వచ్చింది.

ఇక మీ ఇంటి సంగతి. రేంజర్స్ అభిమానులు డేవిడ్ క్లైడ్‌ని మరిచిపోకూడదు. 1973లో డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, మొట్టమొదట ఎంపికైన పిల్లవాడు. హ్యూస్టన్‌లో వెస్ట్‌చెస్టర్ హైస్కూలు. ఎడమచేతి వాటం, పద్దెనిమిదేళ్లు. వాషింగ్టన్ నుంచి టెక్సాస్‌కి వచ్చి జట్టుకి అది రెండో ఏడాది, ఆడితే ఓటమి, స్టేడియంలో జనం లేరు. ఆ సీజన్లో రేంజర్స్ 105 ఆటలు ఓడిపోయారు. ఓనర్ బాబ్ షార్ట్‌కి టికెట్లు అమ్ముడుపోవాలి. ఆ కుర్రాడి చేత రెండే రెండు ఆటలు ఆడించి, తరవాత మైనర్ లీగుకి పంపి నేర్పిస్తామన్నది ఒప్పందం.

జూన్ 27 రాత్రి. స్కూలు చదువు అయిపోయి మూడు వారాలు. ఆర్లింగ్టన్ స్టేడియం మొదటిసారి నిండిపోయింది, 35,698 మంది. రోడ్ల మీద కార్లలో ఇరుక్కుపోయిన జనం కోసం ఆట కాసేపు ఆపారు. క్లైడ్ మొదటి ఇద్దరు బ్యాటర్లకూ వాక్ ఇచ్చాడు, అంటే నాలుగేసి బంతులు గురి తప్పి వాళ్లను ఊరికే బేస్‌కి పంపాడు. ఆ తరవాత ముగ్గురినీ వరసగా స్ట్రైక్ ఔట్ చేశాడు. అయిదు ఇన్నింగ్స్ వేశాడు, ఒక్క హిట్ ఇచ్చాడు, ఎనిమిది స్ట్రైక్ ఔట్లు, ఏడు వాక్‌లు. మిన్నెసోటా మీద 4-3తో గెలిచారు. మర్నాడు టెక్సాస్ అంతా అదే కబురు.

ఏడు వాక్‌లు అన్న అంకె మీద ఆ రాత్రి ఎవరైనా కాసేపు ఆగి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. అయిదు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని ఊరికే పంపిన చెయ్యి సాయం అడుగుతున్న చెయ్యి. రెండు ఆటలన్నవి పద్దెనిమిది ఆటలయ్యాయి. జనం వస్తున్నారు, కుర్రాడిని కిందికి పంపితే వచ్చే జనం ఆగిపోతారు. ఆ ఏడాది 4 గెలుపులు, 8 ఓటములు. తరవాత భుజం పోయింది. మధ్యలో మైనర్ లీగులకు వెళ్లాడు, 1978లో క్లీవ్‌లాండ్ తరఫున తిరిగొచ్చాడు, 1979తో మేజర్ లీగ్ ముగిసింది. మొత్తం మీద 18 గెలుపులు, 33 ఓటములు. అప్పట్లో పెన్షన్ రావాలంటే నాలుగేళ్ల సర్వీసు కావాలి. ఆయనకు 37 రోజులు తక్కువైంది. స్టేడియాన్ని మొదటిసారి నింపిన మనిషికి 37 రోజులు.

అదే డ్రాఫ్టులో మూడో ఎంపిక రాబిన్ యౌంట్, నాలుగో ఎంపిక డేవ్ విన్‌ఫీల్డ్. యౌంట్ పద్దెనిమిదేళ్లకే మిల్‌వాకీకి షార్ట్‌స్టాప్ అయ్యాడు. విన్‌ఫీల్డ్ మైనర్ లీగులో ఒక్క ఆట కూడా ఆడకుండా నేరుగా పైకి వచ్చాడు. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. బ్యాటర్ తప్పు చేస్తే ఔటై వచ్చి డగౌట్‌లో కూర్చుంటాడు, రేపు మళ్లీ నాలుగుసార్లు బ్యాటు పడతాడు. పిచర్ తప్పు చేస్తే, ఆ తప్పును దిద్దుకోవడానికి ఇంకా గట్టిగా వేస్తాడు. నష్టం చేతి లోపల జరుగుతుంది, పైకి కనపడదు. పిచర్లను బ్యాటర్ల కొలతతో కొలవొద్దని నేనడిగేది ఇందుకే.

జాక్ లైటర్ విషయంలో మీరు చేసిన పనిలో మంచీ ఉంది, చెడూ ఉంది. 2021లో రెండో ఎంపిక. కాలేజీ అవ్వగానే నేరుగా మా ఫ్రిస్కోకి, మేజర్ లీగుకి రెండు మెట్ల కిందున్న డబుల్-ఏకి పంపారు. 2022లో ఆయన ఇక్కడ పడ్డ పాట్లు మేం కళ్లారా చూశాం. రన్ సగటు, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన రన్లు, 5.54. ఇది ఎంత తక్కువైతే అంత మంచిది. బంతి ఎటు పోతుందో ఆయనకే తెలియని రాత్రులున్నాయి. అయినా ఇక్కడ ఓడిపోతే ఏమవుతుంది? ఆట అయ్యాక పిల్లలు కంచె దగ్గర టోపీ చాపి సంతకం అడుగుతారు, అంతే. 2023లో కొంతకాలం ఆటలు ఆపించి మెళకువలు సరిదిద్దించారు. అప్పుడు జనం వెక్కిరించారు గానీ, మీరు చేసిన మంచిపని అదే. 2024 ఏప్రిల్ 18న డెట్రాయిట్‌లో అవసరం వచ్చి పైకి పిలిచారు. నాలుగో ఇన్నింగ్స్ పూర్తికాకుండానే ఏడు రన్లు ఇచ్చాడు. ఆ ఏడాదంతా రౌండ్ రాక్‌కీ ఆర్లింగ్టన్‌కీ మధ్య తిరిగాడు, పైన సగటు 8.83. 2025లో వరసగా ఆడించాక 3.86కి దిగింది. మధ్యలో వచ్చిన మార్పేమిటో నాకంటే మీకే బాగా తెలుసు. నాకు కనిపించినంతవరకు, తన పేరు ఈ వారం పట్టీలో ఉందో లేదో చూసుకోవాల్సిన పని తప్పింది.

కుమార్ రాకర్ గురించి రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది. తల్లి వైపు నుంచి ఆయన మూలాలు మన దేశంలో ఉన్నాయి. జెర్సీ వెనక రాకర్ అని ఉన్నా మా ఇళ్లలో అందరూ కుమార్ అనే అంటారు. కాలేజీ రోజుల్లో డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైక్ ఔట్లతో, ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా నో-హిట్టర్ వేసిన కుర్రాడు. భుజానికి ఒక ఆపరేషన్, 2023 మేలో టామీ జాన్. తిరిగొచ్చాక మైనర్ లీగుల్లో నలభై ఇన్నింగ్స్‌లోపే వేసి, 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ మౌండ్, అంటే పిచర్ నిలబడే దిబ్బ, ఎక్కాడు. ఆ రాత్రి ఏడు స్ట్రైక్ ఔట్లు. మా ఇంట్లో పండగ. నేను మాత్రం వంటింట్లోంచి వింటూ నెలలు లెక్కపెట్టుకున్నాను, పదహారు. 2025లో ఆయన సగటు 5.74, మళ్లీ రౌండ్ రాక్. ఆయనకు ఇంకా చాలా వయసుంది. అంత తొందర అవసరం లేకపోయిందని మాత్రం అంటాను. కుమార్ మీద ప్రేమతోనే అంటున్నాను.

నా మాటకు ఎదురుగా మీ దగ్గర పాల్ స్కీన్స్ ఉన్నాడని తెలుసు. పిట్స్‌బర్గ్ వాళ్లు 2023లో మొదటి ఎంపికగా తీసుకున్నారు. మైనర్ లీగుల్లో మొత్తం 34 ఇన్నింగ్స్. 2024 మే 11న పైకి వచ్చాడు, ఆ ఏడాది సగటు 1.96, ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే రూకీ ఆఫ్ ది ఇయర్, మరుసటి ఏడాదికే ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్. టొరంటో ట్రే యెసావేజ్ 2025 ఏప్రిల్‌లో అన్నిటికన్నా కింది మెట్టుల్లో ఒకటైన డ్యునీడిన్‌లో ఉన్నాడు, అక్టోబరులో వరల్డ్ సిరీస్ అయిదో ఆటలో డాడ్జర్స్ మీద ఒక్క వాక్ లేకుండా 12 మందిని స్ట్రైక్ ఔట్ చేశాడు. ఆ ఆట చూస్తూ నేనూ లేచి నిలబడ్డాను. అలాంటివాళ్లుంటారు. కానీ స్కీన్స్ ఆ 34 ఇన్నింగ్స్‌కి ముందు కాలేజీలో మూడేళ్లు ఆడాడు, చివరి ఏడాది ఎల్‌ఎస్‌యూ తరఫునే 120 ఇన్నింగ్స్ దాటి వేశాడు. పిట్స్‌బర్గ్ వాళ్లు మేజర్ లీగుకి ఒక్క మెట్టు కిందున్న ట్రిపుల్-ఏలో మూడు నాలుగు ఇన్నింగ్స్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ వచ్చారు, ఊరంతా గోల చేసినా మే దాకా ఆపారు. మిగతా జట్లు అందులో 34 అన్న అంకెనొక్కటే పట్టుకుంటే, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అవుతుంది. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ని కూడా అలాగే ఆకాశానికెత్తాం. 2010 జూన్ 8న మొదటి ఆటలో 14 స్ట్రైక్ ఔట్లు, ఆగస్టు 21న మోచెయ్యి దెబ్బతిని మౌండ్ దిగాడు.

కుర్రాళ్లు తమకు తాముగా వద్దనరు. అనలేరు. నిరుడు ఒక టోర్నమెంటులో మావాడు పొద్దున ఆటలో 71 పిచ్‌లు వేశాడు. నా చేతిలో లెక్కపెట్టే క్లిక్కర్ ఉంటుంది, అది ఎప్పుడూ వదలను. మీ లీగు వాళ్లు రాసిన పిచ్ స్మార్ట్ నియమాల ప్రకారం ఆ వయసువాళ్లు 65 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. మధ్యాహ్నం రెండో ఆటలో కోచ్ వచ్చి "రెండు ఇన్నింగ్సే, ఇంకెవరూ లేరు" అన్నాడు. వాడు అప్పటికే గ్లవ్వు తొడుక్కుని నిలబడ్డాడు. నేను వద్దన్నాను. ఆ ఆట ఓడిపోయారు. ఇంటికి వచ్చేదాకా వాడు నాతో మాట్లాడలేదు, సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం, ఎడమచేత్తో తింటున్నాడు. "చెయ్యి నొప్పా నాన్నా?" అంటే తలవంచుకుని "కొంచెం" అన్నాడు. కోచ్ అడిగినప్పుడు ఆ కొంచెం గురించి వాడు చెప్పలేదు.

పదమూడేళ్లవాడి ముందున్నది ఒక ప్లాస్టిక్ ట్రోఫీ. మీ కుర్రాళ్ల ముందున్నది వేరు. ట్రిపుల్-ఏలో 2023 ఒప్పందం ప్రకారం కనీసం ఏడాదికి 35,800 డాలర్లు. మేజర్ లీగులో 2025 కనీస జీతం 7,60,000, అంటే సీజన్ నడిచే రోజుల్లో రోజుకు నాలుగు వేల పైమాటే. ఇంట్లో అప్పులుంటాయి, తమ్ముళ్లు చెల్లెళ్లు ఉంటారు. మేనేజర్ ఫోన్ చేసి "రేపు ఆర్లింగ్టన్ వచ్చెయ్" అంటే, మోచేతిలో సూదులు గుచ్చుతున్నా వచ్చేస్తాడు. కాబట్టి వద్దనాల్సిన మనిషి మీరే అవుతారు.

మీరు చెయ్యగలిగినవి ఉన్నాయి. పిలవబోయే పిచర్‌కి కనీసం సగం సీజన్ రౌండ్ రాక్‌లో అయిదు రోజుల వరస మీద ఆడించండి. రెండో ఇన్నింగ్స్‌లో నాలుగు రన్లు ఇచ్చిన రోజున వెంటనే దించెయ్యకుండా, పిచ్‌ల లెక్క లోపల ఉంటే అయిదో ఇన్నింగ్స్ దాకా ఉంచండి. ఫాస్ట్‌బాల్ మాట వినని రోజున మిగతా రెండు బంతులతో ఎలా బతికి బయటపడాలో అక్కడే తెలుస్తుంది. పైకి తెచ్చాక మొదటి నెలా రెండు నెలలూ బుల్‌పెన్‌లో, స్టార్టర్ దిగాక వచ్చి రెండు మూడు ఇన్నింగ్స్ వేసే లాంగ్ రిలీఫ్‌లో పెట్టండి. బాల్టిమోర్‌లో మేనేజర్ ఎర్ల్ వీవర్ కుర్ర పిచర్లకు అలాగే నేర్పేవాడు. డాడ్జర్స్ పిచర్ ఫెర్నాండో వాలెన్‌జువేలా 1980 సీజన్ చివర్లో రిలీఫ్‌లో పదిసార్లు వచ్చి బ్యాటర్లను చదువుకున్నాడు, మరుసటి ఏడాది దేశాన్ని ఊపేశాడు. క్రిస్ సేల్‌ని షికాగో వాళ్లు 2010లో డ్రాఫ్ట్ చేసిన రెండు నెలలకే పైకి తెచ్చారు, కానీ స్టార్టర్‌ని చేసింది 2012లో. దీనికి ఎదురు ఉదాహరణ మీ దగ్గరే ఉందని తెలుసు. నెఫ్తాలీ ఫెలీజ్ ఏళ్లపాటు ఒక్కో ఇన్నింగ్స్ వేసి 2012లో స్టార్టర్ అయ్యాడు, అదే ఏడాది ఆపరేషన్. ఒక్క ఇన్నింగ్స్ నుంచి ఆరు ఇన్నింగ్స్‌కి ఎగరమంటే ఏ చెయ్యీ ఎగరలేదు. అందుకే రెండు మూడు ఇన్నింగ్స్ రిలీఫ్ అంటున్నాను, చివర్లో మ్యాచ్ ముగించే పని వద్దు.

ఇంకోటి మీ ఒక్కరి చేతిలో లేదు. మేజర్ లీగ్ సర్వీసులో 172 రోజులైతే ఒక ఏడాది లెక్క, ఆరేళ్లయితే ఆటగాడు స్వేచ్ఛగా జట్టు మారొచ్చు. ఆ లెక్క మొదలయ్యేది పైకి పిలిచిన రోజు నుంచి. దాంతో ప్రతి కుర్రాడి విషయంలోనూ జట్టు క్యాలెండర్ చూసుకుంటుంది. కొందరిని డబ్బు మిగలడానికి ఆలస్యం చేస్తారు, కొందరిని బహుమతిగా వచ్చే డ్రాఫ్ట్ పిక్ కోసం తొందరపెడతారు. ఆటగాళ్ల సంఘంతో మీ ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. కొత్త ఒప్పందంలో ఆ గడియారాన్ని సంతకం పెట్టిన రోజు నుంచి నడిపించమని మీ తరఫున అడగండి. ఎప్పుడు పిలిచినా లెక్క మారదనుకోండి, అప్పుడు మీ గదిలో మాట్లాడేది కుర్రాడి చెయ్యి గురించే అవుతుంది.

ఇవన్నీ మీకే ఎందుకు రాస్తున్నానంటే, ముప్ఫై జట్ల పెద్దల్లో మౌండ్ మీద నిలబడి చెయ్యి నొప్పి పడ్డవాళ్లు అరుదు. మిమ్మల్ని 2000లో డ్రాఫ్ట్ చేశారు, పై లీగులో మొదటి ఆట 2004 ఆగస్టులో, ఇరవై అయిదేళ్లకు. నాలుగేళ్లు కింద తిరిగారు. 2011లో భుజానికి ఆపరేషన్, 2013లో మరొకటి. అంతా అయిపోయిందనుకున్నాక, 2015 వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో పన్నెండో ఇన్నింగ్స్‌లో వచ్చి మూడు ఇన్నింగ్స్ హిట్ లేకుండా వేశారు. ముప్ఫై ఆరేళ్ల వయసులో. ఆ రాత్రి మీ ఫాస్ట్‌బాల్ ఎన్ని మైళ్లో ఎవరూ చెప్పుకోలేదు. ఎక్కడ వెయ్యాలో, ఎప్పుడు ఆగాలో మీకు తెలుసు, అది చెప్పుకున్నారు.

ఆర్లింగ్టన్ వెళ్లేముందు 2004లో మీరు ఆడింది కూడా మా ఫ్రిస్కో మౌండ్ మీదే. ఈ వేసవిలో వీలు చూసుకుని ఒక సాయంత్రం రండి. పై బాక్సులో వద్దు, మాతోపాటు బుల్‌పెన్ పక్కన మూడో వరుసలో కూర్చోండి. కుర్రాడు చెయ్యి వేడి చేసుకుంటున్నంతసేపూ బోర్డు వైపు చూడకుండా, రెండు బంతుల మధ్య అతని వేళ్లు ఏం చేస్తున్నాయో చూద్దాం. పక్క సీటు పట్టి ఉంచుతానని మావాడు అంటున్నాడు.

ఇట్లు,
ఫ్రిస్కో నుంచి ఒక ఫిజియోథెరపిస్టు, ఒక పిచర్ తల్లి